జానెడు వైరు

నవంబరు 10, సోమవారం

పని సామాను రాసుకోవడానికని కొన్న పుస్తకం ఇది. ఇప్పుడు పనీ లేదు, సామానూ లేదు, పుస్తకం మిగిలింది. మనుషులతో మాట్లాడబుద్ధి కావడం లేదు కాబట్టి దీనితో మాట్లాడతాను. ఇది ఎదురు ప్రశ్నలు వేయదు.

బట్టల కొట్టు కాలిపోయి ఇవాళ్టికి నాలుగు నెలలు. ఎవరికీ ఏమీ కాలేదు, సరుకు పోయింది. ఆ కొట్లో వైరింగంతా నాది. ఇన్‌స్పెక్టరు వచ్చి, చూసి, పాస్ చేసి సంతకం పెట్టాడు. ఆ కాగితం నా పనిపెట్టెలో ఉంది. మంట మొదలయింది ఇస్త్రీ బల్ల దగ్గర. ఇస్త్రీ చేసే అతను పెట్టె ఆపకుండా భోజనానికి వెళ్ళాడని కొట్టు యజమాని తేల్చాడు. నన్ను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు.

అయినా పనికి వెళ్ళాలనిపించడం లేదు. ముప్ఫై ఏళ్ళు నిచ్చెన మీద నిలబడ్డవాణ్ణి, నాలుగు రోజులు దిగి కూర్చుంటే తప్పేమిటి?

నవంబరు 12

అత్తయ్య మొదలుపెట్టింది. "ఒరేయ్ అల్లుడూ, ఇల్లరికం వచ్చినవాడు ఇంట్లో కూర్చుంటే నాకేం నష్టం లేదు గానీ, ఆ సోఫా చూడరా, నీ ఆకారంలోకి దిగబడిపోయింది."

అత్తయ్యంటే పరాయి మనిషి కాదు, మా నాన్నకు సొంత చెల్లెలు. చిన్నప్పుడు నా చెవి మెలేసిన చేత్తోనే ఇప్పుడు అన్నం పెడుతోంది. ఆవిడకు ఎదురు చెప్పి నెగ్గినవాడు మా వంశంలో లేడు. సోఫాలోంచి లేచి కుర్చీలో కూర్చున్నాను.

నవంబరు 16, ఆదివారం

మా ఆవిడ ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. పాత బండ్ల సంఘం వాళ్ళది. డిసెంబరు 14 పొద్దున్నే బయలుదేరి, కొండ ఎక్కి, అవతలి వైపు దిగాలి. బండి వయసు యాభై ఏళ్ళు దాటి ఉండాలి. పొగమంచు కాలం కాబట్టి ముందు వైపు రెండు అదనపు లైట్లు ఉండి తీరాలి.

"నేను వెళ్తున్నా బావా" అంది. అది అడగడం కాదు, చెప్పడం.

ఆమె సిటీ బస్సు డ్రైవరు. బండి నడపడం నేర్చుకున్నది మాత్రం మావయ్య మోటారు సైకిలు మీద. దానికిప్పుడు అరవై ఏళ్ళు. అత్తయ్య దాన్ని సవతి అంటుంది. "నాకంటే ముందే దాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు మీ మావయ్య. నాకు చీర కొనడానికి తీరికలేని మనిషి, దానికి సీటు కవరు దగ్గరుండి కుట్టించాడు." మావయ్య పోయి తొమ్మిదేళ్ళయింది. ఆ సవతిని రోజూ తుడిచేది అత్తయ్యే.

"లైట్లు ఎవరు పెడతారు?" అన్నాను.

"ఎలక్ట్రీషియన్ని ఇంట్లో పెట్టుకుని ఊరంతా వెతుక్కోనా?"

"నేను ఇళ్ళకి చేస్తాను. బండ్లకి కాదు."

"ఇప్పుడు ఇళ్ళకీ చెయ్యట్లేదుగా" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నవంబరు 17

వైరు ముట్టుకోనని గట్టిగా చెప్పాను. సరే అంది. ఆమె అంత తేలిగ్గా సరే అంటే నాకు భయం.

నవంబరు 19

లైట్లు, స్విచ్చు, వైరు అన్నీ కొనుక్కొచ్చి భోజనాల బల్ల మీద నా కంచం పక్కన పెట్టింది. చిన్న లైట్లు, అరచేతిలో పడతాయి, పసుపు అద్దాలు. అన్నం తింటూ ఒకటి చేతిలోకి తీసుకున్నాను. వెనక వైపు వైరు అతికిన చోట టంకం సరిగ్గా పట్టలేదు. పిల్లలాట.

చూశానంతే.

నవంబరు 22, శనివారం

మావయ్య పాత పనిముట్లతో రెండు టంకాలూ తీసి మళ్ళీ పెట్టాను. ఇంత నాసిగా ఉంటే చూస్తూ ఊరుకోలేక.

తర్వాత, వాటిని ఎక్కడ బిగించాలో చూద్దామని షెడ్డులోకి వెళ్ళాను. ముందు మడ్‌గార్డుకు రెండు రంధ్రాలు కొడితే పది నిమిషాల పని. డ్రిల్లు చప్పుడు వినగానే అత్తయ్య వచ్చి గుమ్మంలో నిలబడింది.

"దాని ఒంటికి చిల్లు పెట్టావంటే నీ వీపుకి పెడతాను."

"సవతి మీద ఇంత ప్రేమేంటి అత్తయ్యా?"

"సవతైతే మాత్రం? ఇంటి మనిషి."

దాంతో డ్రిల్లు పక్కన పెట్టాను. కాళ్ళ గార్డు గొట్టానికి ఇనుప పట్టీ వంచి క్లాంపు చేశాను. పాత సైకిలు ట్యూబు కోసి, గొట్టానికీ క్లాంపుకూ మధ్య చుట్టాను. రంగు గీసుకుపోదు, అదురూ తగ్గుతుంది. లైట్లు మోకాలి కంటే కిందకే వచ్చాయి. పొగమంచుకు అదే మంచిదట, మా ఆవిడ చెప్పింది. మంచు కింద నుంచి వెలుతురు వెళ్ళాలట. సాయంత్రానికి రెండూ బిగిసి కూర్చున్నాయి. పట్టుకుని ఊపితే బండి ఊగింది గానీ అవి కదల్లేదు.

బాగుంది. చాలా రోజుల తర్వాత ఒక పని బాగుంది.

నవంబరు 25

పొగ వచ్చింది.

బ్యాటరీ విప్పి, లైట్లకు వైర్లు కలిపి, మళ్ళీ బ్యాటరీ బిగించాను. మైనస్ బాడీకి, ప్లస్ లోపలికి. ప్రపంచంలో ఎవరైనా అలాగే బిగిస్తారు. ఇంజను స్టార్ట్ చేసి కాస్త రేజ్ చేశాను. సీటు కిందనుంచి సన్నగా పొగ, కాలిన రబ్బరు వాసన.

నేను ఇంజను ఆపలేదు. వైరు పీకలేదు. ముప్ఫై ఏళ్ళ అనుభవమున్నవాణ్ణి, షెడ్డులోంచి పారిపోయి వీధిలో నిలబడ్డాను. లోపలికెళ్ళి తాళం తిప్పింది డెబ్భై ఎనిమిదేళ్ళ అత్తయ్య.

నవంబరు 26

ఏమీ లేదు.

నవంబరు 28

మా ఆవిడ బండ్లు బాగుచేసే పెద్ద మేస్త్రీని పిలుచుకొచ్చింది. పాత బండ్లంటే ఆయన తర్వాతే ఎవరైనా. కొండ ప్రయాణానికి బండ్లు తనిఖీ చేసేదీ ఆయనే. సీటు ఎత్తి చూసి, నన్ను చూసి, నవ్వు ఆపుకున్నాడు.

"ఇళ్ళ వైరింగు చేస్తావా బాబూ?"

"అవునండీ."

"అదీ సంగతి. ఇంట్లో బల్బుకి వైర్లు అటు పెట్టినా ఇటు పెట్టినా వెలుగుతుంది, నీకేం పోయింది. ఆ కాలపు బండికి ప్లస్సే బాడీ. నువ్వు తలకిందులుగా బిగించావు. డైనమో ఒకవైపు లాగితే బ్యాటరీ ఇంకోవైపు లాగింది. మధ్యలో కరెంటును వెనక్కి పోనీయకుండా ఆపే ఈ కటౌటు పాయింట్లు అతుక్కుపోయాయి."

పాయింట్లు గీకి శుభ్రం చేశాడు, బ్యాటరీ తిప్పి బిగించాడు, డైనమోకు ఒక్క క్షణం వైరు తాకించి దాన్నీ సరైన వైపుకి మళ్ళించాడు. అరగంటలో అయిపోయింది. బండికి ఏమీ కాలేదు. నేను మాత్రం గోడ పక్కన నిలబడే ఉన్నాను.

"తప్పు చేసినవాడు ఇంత దూరంలో నిలబడితే ఎట్లా?" అన్నాడు. "దగ్గరికి రా. ఈ స్క్రూ నువ్వు బిగించు."

బిగించాను.

డిసెంబరు 2

ఇంటి పనిలో కరెంటు ఎక్కడినుంచి వస్తోందని నేను ఎప్పుడూ ఆలోచించలేదు. వీధిలో స్తంభం ఉంటుంది, వస్తుంది. ఇక్కడ ఆ చిన్న డైనమో ఎంత పుట్టిస్తే అంతే. అరవై వాట్లు. హెడ్‌లైటుకు ముప్ఫై, కొత్త లైట్లకు ముప్ఫై ఆరు, వెనక దీపం, ఇంజనుకు కావలసింది వేరే. అన్నీ ఒకేసారి వేస్తే బ్యాటరీ పీల్చుకుపోతుంది.

ఇంట్లో ఈ లెక్క వివరిస్తుంటే అత్తయ్య అంది, "ఎంత పుట్టిస్తే అంతే తినాలన్న సంగతి ఇల్లరికపుటల్లుడికి ఇప్పుడు తెలిసిందన్నమాట."

మా ఆవిడ నీళ్ళు తాగుతూ పొలమారింది. నేనూ నవ్వాను. నిజంగానే.

పరిష్కారం దొరికింది. స్విచ్చు ఒకవైపు వేస్తే హెడ్‌లైటు, రెండోవైపు వేస్తే కొత్త లైట్లు. రెండూ కలిసి వెలగవు. మంచులో హెడ్‌లైటు వల్ల లాభం లేదు కూడా. మేస్త్రీకి ఫోన్ చేసి చెబితే, "ఇది నాకు తట్టలేదయ్యా" అన్నాడు.

ఈ మాట రెండుసార్లు రాసుకోవాలనిపిస్తోంది. ఇది నాకు తట్టలేదయ్యా అన్నాడు.

డిసెంబరు 6, శనివారం

వైరింగు పూర్తి. ఫ్యూజు పెట్టాను. కరెంటు తిరిగొచ్చే దారిగా తుప్పుపట్టిన బాడీని నమ్మకుండా రెండు లైట్లకూ వాపసు వైరు విడిగా లాగాను. ఇది ఇళ్ళ పనివాడి చాదస్తం, కానీ మంచి చాదస్తం. ట్యాంకు కింద వైరు జానెడు తక్కువయింది. సర్దేశాను. నా పనిపెట్టెలో లావు వైరు చుట్ట ఉంది గానీ, ఇంత చిన్నదానికి పెట్టె తీయడం ఎందుకని. ట్యాంకు ఎక్కించి బోల్టులు బిగించాను.

సందెవేళ గోడ ముందు బండి నిలబెట్టి స్విచ్చు వేశాను. గోడ మీద పసుపుపచ్చగా, వెడల్పుగా, తుడిచినట్టు పడింది వెలుతురు. అత్తయ్య కొంగుతో కళ్ళద్దాలు తుడుచుకుని చూసి, "ముసలిదానికి కాటుక పెట్టారు" అంది.

డిసెంబరు 9

బస్టాపులో ఇస్త్రీ అతను కనిపించాడు. చిక్కిపోయాడు. యజమాని పనిలోంచి తీసేయలేదట గానీ, ఇస్త్రీ పెట్టె ముట్టుకోనివ్వడం లేదట. బొత్తాలు కుట్టిస్తున్నాడట.

"నేను ఆపానో లేదో నాకే గుర్తు రావట్లేదండీ" అన్నాడు. "ఆపాననే అనుకున్నా. అందరూ ఆపలేదంటే ఆపలేదేమో. ఇప్పుడు ఇంట్లో పొయ్యి కట్టేసి కూడా మూడుసార్లు వెళ్ళి చూస్తున్నా. మా ఆవిడ నవ్వుతోంది. నాకు నవ్వు రావట్లేదు."

పాపం, మతిమరుపు మనిషి. నేనేం చేయగలను? ఇన్‌స్పెక్టరు సంతకం ఉంది.

డిసెంబరు 10

ఇన్‌స్పెక్టరు సంతకం ఉంది.

డిసెంబరు 13, శనివారం

పొద్దున్న తనిఖీ. మేస్త్రీ లైట్లు పట్టి ఊపాడు, స్విచ్చు ఇరవైసార్లు వేసి తీశాడు, ఇంజను రేజ్ చేసి మీటరు చూశాడు. "పాస్" అన్నాడు. ట్యాంకు బోల్టు మీద ఎర్రరంగు చుక్క పెట్టాడు. వాళ్ళ పద్ధతి అది. చుక్క పెట్టాక బండిని ఎవరూ విప్పకూడదు. చుక్క చెదిరితే ప్రయాణం లేదు. మా ఆవిడ ఆ చుక్కను చూసి చిన్నపిల్లలా మురిసిపోయింది.

మధ్యాహ్నం అన్నం వదిలేసి ఈ పుస్తకం తీశాను.

రాస్తాను. ఇది ఎవరూ చదవరు కదా, ఇక్కడ కూడా అబద్ధం దేనికి?

కొట్టు పని చివరి రోజు. ఇస్త్రీ బల్ల లైనుకు వైరు మూరెడు తక్కువయింది. కొత్తది లాగాలంటే సీలింగు పలకలు నాలుగు విప్పాలి. చీకటి పడుతోంది, ఇంటికి వెళ్ళాలి. చేతిలో ఉన్న ముక్క ఒకటి కలిపి మెలిపెట్టి, టేపు చుట్టి, పలక మూసేశాను. మర్నాడు ఇన్‌స్పెక్టరు కింద నిలబడి స్విచ్చులన్నీ వేసి చూసి సంతకం పెట్టాడు. పలక పైన ఏముందో ఆయనకెలా తెలుస్తుంది?

కాలిన తర్వాత వెళ్ళి చూశాను. ఇస్త్రీ బల్ల స్విచ్చు కరిగిపోయింది. ఆఫ్‌లో ఉండి కరిగింది. అది చూసి చెప్పగలిగినవాణ్ణి ఆ గుంపులో నేనొక్కణ్ణే. అతను ఆపే వెళ్ళాడు. పొద్దుటి నుంచి ఆ లైను మీద బరువు పడి పైన నా అతుకు కాగి, రాజుకుంది. నాకు తెలుసు. ఐదు నెలలుగా తెలుసు.

ఇప్పుడు ట్యాంకు కింద కూడా అదే. అదే మెలి, అదే టేపు. పాస్ కూడా అయింది. రేపు నా పెళ్ళాం దాన్ని నమ్ముకుని మంచులో, లోయ పక్కన...

లేచి వెళ్ళి చెప్పాను. వంటింట్లో ఉంది. రెండు అతుకుల సంగతీ చెప్పాను, స్విచ్చు సంగతీ చెప్పాను.

ఆమె పొయ్యి కట్టేసి నా వైపు తిరిగింది. "ఆ ఇస్త్రీ అతనికి తెలుసా?" అంది.

"తెలీదు."

"నాకు చాలా కోపంగా ఉంది బావా. అది తర్వాత చూసుకుందాం. ముందు మేస్త్రీకి ఫోన్ చెయ్యి. ట్యాంకు విప్పుదాం."

"చుక్క చెదిరితే ఆయన ఒప్పుకోకపోవచ్చు."

"ఒప్పుకోకపోతే వెళ్ళను. నేను రోజూ యాభై మందిని ఎక్కించుకుని తిప్పుతాను. బ్రేకు అనుమానంగా ఉంటే బస్సు డిపోలోంచి తీయను. లైటైనా అంతే."

మేస్త్రీ గొణుక్కుంటూ వచ్చాడు. ఆయన ముందే ట్యాంకు ఎత్తాము, ఆమె ఒకవైపు, నేను ఒకవైపు. టేపు చుట్టిన చోటు ఆయన రెండు వేళ్ళతో పట్టుకుని నెమ్మదిగా లాగాడు. అతుకు విడిపోయి చేతిలోకి వచ్చేసింది.

"నేను పాస్ చేశాను దీన్ని" అన్నాడు. ఆయన మొహం మాడిపోయింది.

"మీకు కనపడకుండా నేను దాచానండీ."

అప్పుడు నా పనిపెట్టె తీశాను. ఐదు నెలల దుమ్ము. లావు వైరు చుట్ట తీసి, బ్యాటరీ నుంచి స్విచ్చు దాకా ఒకే ముక్క లాగాను. మధ్యలో అతుకు అన్నదే లేదు. కొసలకు టంకం పెట్టాను. పాత ముక్క మొత్తం తీసి పారేశాను. ఏడు కొట్టేసరికి ట్యాంకు ఎక్కింది. మేస్త్రీ ప్రతి అంగుళం వేలితో తడిమి చూసి, పాత చుక్క గీకేసి కొత్త చుక్క పెట్టాడు.

"ఇరవై ఏళ్ళుగా చుక్కలు పెడుతున్నా" అన్నాడు. "పాసైన బండిని విప్పమని పిలిచినవాడివి నువ్వొక్కడివే. రేపు మొదటి నంబరు మీదే."

డిసెంబరు 14, ఆదివారం

మా ఆవిడ నన్ను వెనక సీట్లో కూర్చోమంది. "నీ వైరింగు మీద నేను వెళ్తుంటే నువ్వు కింద నిలబడి ఏం చేస్తావు? కూర్చో."

కూర్చున్నాను. పద్దెనిమిది బండ్లు. ఎక్కేటప్పుడు బాగానే ఉంది. శిఖరం దాటి దిగడం మొదలుపెట్టామో లేదో, మంచు వచ్చి మీద పడింది. హెడ్‌లైటు వెలుతురు ఆ మంచుకే తగిలి తిరిగి మా కళ్ళలోకి కొట్టింది. ముందు తెల్లగోడ తప్ప ఏమీ లేదు. వెనక వస్తున్న బండ్లు ఒక్కొక్కటే వేగం తగ్గించాయి. వాటికీ అదనపు లైట్లున్నాయి గానీ, హెడ్‌లైటు పక్కన ఎత్తులో బిగించినవి, వాటి వెలుతురూ మంచుకే తగులుతోంది. ఎవరో హారన్ కొడుతున్నారు.

ఆమె స్విచ్చు అవతలికి తిప్పింది.

రోడ్డు కనపడింది. మంచు కిందనుంచి, పసుపుపచ్చగా, అంచున వేసిన తెల్లగీతతో సహా ఇరవై అడుగులు కనపడింది. మాకు అదే చాలు. ఆమె రెండో గేరులో, బస్సు నడిపినంత నిబ్బరంగా దింపింది. వెనక్కి తిరిగి చూశాను. వరసగా లైట్లు, మా వెనక దీపం పట్టుకుని వస్తున్నాయి. లెక్కపెట్టాను, పదకొండు.

మూడో మలుపులో పెద్ద గుంట. మంచులో కనపడలేదు. బండి ఎగిరి పడింది, నా పళ్ళు టకటకలాడాయి, కళ్ళజోడు హెల్మెట్ లోపలే ముక్కు మీదికి జారింది. వంగి లైట్ల వైపు చూశాను. లైట్లు రెప్ప కూడా వేయలేదు. నిన్నటి అతుకైతే అక్కడే ఊడేది. నేను ఆమె భుజం పట్టుకున్నాను. "గట్టిగా పట్టుకోకు బావా, నడపాలి" అంది.

కిందికి చేరేసరికి ఎండ వచ్చింది. మా వెనక దిగినవాళ్ళు వచ్చి చుట్టూ మూగారు. ఒక పెద్దాయన వంగి లైట్లు చూసి, "ఎవరండీ ఈ పని చేసింది?" అని అడిగాడు.

"మా బావ" అంది.

నాకు ఏడుపొచ్చింది. అందుకని కాసేపు హెల్మెట్ తీయలేదు. గెలిచాం. బహుమతి ఏమీ లేదు, ఎవరూ ఏమీ ఇవ్వలేదు. అయినా గెలిచాం.

డిసెంబరు 15

బండి మీది బురద తుడుస్తూ అత్తయ్య అంది, "పర్లేదురా, పనివాడివే." తేదీతో సహా రాసిపెట్టుకుంటున్నాను. మళ్ళీ అనదు.

మా ఆవిడ దాచుకున్న కోపం కూడా ఇవాళే నా మీద పడింది. గంటసేపు.

డిసెంబరు 16, మంగళవారం

మా ఆవిడకు సెలవు. కొట్టు దగ్గర దింపి, "నేను బయటే ఉంటా" అంది.

గోడలకు సున్నం వేస్తున్నారు. సీలింగు లేదు. వేలాడుతున్న ఒక్క బల్బు కింద యజమాని నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ అతను మూలన కూర్చుని బొత్తాలు కుడుతున్నాడు. ఇద్దరికీ వినపడేలా చెప్పాను. వైరు తక్కువయిన సంగతి, టేపు, పలక, స్విచ్చు. ఏదీ మింగలేదు.

యజమాని మొహం ఎర్రబడింది. "ఐదు నెలలు. ఐదు నెలలుగా ఆ మనిషిని నేను అనని మాట లేదు. నువ్వు చూస్తూ ఊరుకున్నావు. బయటికి నడువు. నా గడప తొక్కకు."

నిలబడ్డాను. అనవలసినవే అన్నాడు.

ఇస్త్రీ అతను సూది పక్కన పెట్టి లేచాడు. నా దగ్గరికి వచ్చి, "అంటే నేను ఆపానా?" అన్నాడు.

"ఆపారు. స్విచ్చు ఆఫ్‌లోనే కరిగింది. నేను కళ్ళారా చూశాను. మీరు ఆపే వెళ్ళారు."

"ఆపాను" అన్నాడు. యజమాని వైపు తిరిగి, "ఆపానండీ. నేను ఆపాను" అన్నాడు. కూర్చుని మొహం చేతుల్లో పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. తలెత్తితే నవ్వుతున్నాడు.

యజమాని బల్బు వైపు చూశాడు. అప్పుడు ఇస్త్రీ అతనే అన్నాడు, "కొత్త వైరింగు ఈయన చేతే చేయించండి. పైసా అడక్కుండా చేస్తాడు."

"చేస్తాను" అన్నాను.

"వీడి చేతా?" అన్నాడు యజమాని. "పైన మళ్ళీ ఏం దాస్తాడో ఎవడు చూస్తాడు?"

"నేను చూస్తా" అన్నాడు ఇస్త్రీ అతను. "ఒక్కో పలక మూసేముందు నిచ్చెనెక్కి నేను చూస్తా. నేను సరే అంటేనే మూయాలి."

సున్నం వేసేవాళ్ళు కూడా పని ఆపి మా వైపే చూస్తున్నారు. చివరికి యజమాని బల్ల మీదున్న ఇస్త్రీ పెట్టె తీసి అతని చేతికిచ్చాడు. నా మొహం చూడకుండా, "ఎనిమిదింటికల్లా ఉండాలి" అన్నాడు.